బాకీ వ్రాతలు: శిలాశాసనము మొదలు సిబిల్ వఱకు

అప్పు తీసికొని వాయిదా తప్పినవాని పేరు ఎక్కడనో యొక వ్రాతలో చేరి, ఏండ్ల తరబడి వానిని వెన్నాడుచుండుట ఈ కాలమున పుట్టిన వింత యని మన గ్రామములలో తఱచుగా వినబడుచున్నది. బ్యాంకునకు పోయిన కుఱ్ఱవానికి "నీ సిబిల్ బాగుగ లేదు" అని చెప్పి పంపివేసినపుడు, వాని తాత రచ్చబండ మీద కూర్చుండి "మా కాలమున ఇట్టి దేదియు లేదు" అని నిట్టూర్చుచున్నాడు. లేదనుట సరికాదు. ఉండెను, మన తిరుపతి సీమలోనే, వేయి సంవత్సరములకు ముందు, అది ఱాతిమీద ఉండెను.

తిరుమల తిరుపతి దేవస్థానమువారు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి పరిశ్రమతో 1930 తరువాత ప్రకటించిన శాసన సంపుటములలో చోళరాజుల కాలపు శాసనములు కొన్ని కలవు. ఆ కాలమున స్వామికి నిత్యదీపము పెట్టదలచిన భక్తుడు బంగారము తెచ్చి గ్రామసభవారి చేతికి ఇచ్చెడివాడు. సభవారు ఆ బంగారమును మూలధనముగా నుంచుకొని, దాని ఫలముతో దీపమునకు వలయు నేయి సమకూర్పవలెను. విచారించి చూడగా ఇది యొక అప్పే. ఋణదాత దేవుడు, ఋణము పుచ్చుకొన్నవారు సభవారు, వడ్డీ దినదినమును వెలుగు రూపమున చెల్లవలెను. రాజేంద్రచోళుని ఏలుబడిలో, 11వ శతాబ్ది మొదటి భాగమున, రాజాధికారి యొకడు వచ్చి విచారణ జరుపగా, తిరుముండియము సభవారు ఇరువదికి మీఱిన దీపములకు ధనము పుచ్చుకొని రెండు దీపములు మాత్రమే వెలిగించుచున్నారని తేలెను. అధికారి ఆ ధనమును దేవుని భండారమునకు చేర్పించి, దీపముల కార్యమును సభనుండి తప్పించి ఆలయమున కప్పగించెను. ఈ కథ యంతయు శిలపై చెక్కబడినది.

ఆ సభవారు ఎందులకు తప్పిరో శాసనము చెప్పదు. చెఱువు తెగెనో, కఱవు వచ్చెనో, లేక పెద్దలు కొందఱు సొమ్మును స్వంతమునకు వాడుకొనిరో! బాకీ వ్రాతలకు పుట్టుకతో వచ్చిన లోప మిది. తప్పిన మాట వ్రాయును. తప్పుటకు కారణము వ్రాయదు. నాటి ఱాయియు నేటి యంత్రమును ఈ విషయమున ఒకే గుణము కలవి.

మన ధర్మశాస్త్రకారులు ఈ వ్యవహారమును ఎంత గంభీరముగా పరిగణించిరో చూడుడు. రాజు విచారింపవలసిన తగవులను మనువు పదునెనిమిదిగా విభజించెను. వానిలో మొదటిది హత్య కాదు, దొంగతనము కాదు, ఋణాదానము. మనుషుల నడుమ కలతలకు మొదటి కారణము అప్పు అని ఆ పెద్దలు ఎఱుగుదురు. వడ్డీకి వారు హద్దు పెట్టిరి. వసిష్ఠుని మతమున నెలకు ఎనుబదియవ వంతు, అనగా మన పల్లెల లెక్కలో నూటికి రూపాయి పావలా. తాకట్టు లేని అప్పునకు నూటికి రెండు వఱకు సాధువులును పుచ్చుకొనవచ్చును. వర్ణమును బట్టి రెండు మొదలు ఐదు వఱకు హెచ్చించు నియమము కూడ స్మృతిలో కలదు. ఎక్కువ ఇయ్యలేని వానియొద్ద ఎక్కువ పుచ్చుకొను ఈ న్యాయమును నే నెన్నడును మెచ్చలేదు. కాని వేఱొక నియమమును ఎంత మెచ్చినను తీరదు. ఒక్కమారుగా పుచ్చుకొను వడ్డీ అసలును మించరాదు. నూఱు రూపాయలకు ఎన్ని యేండ్లు గడచినను రెండు నూఱులే. దీనినే వ్యవహారములో దామదుపట్టు అందురు. దానికి ఆంగ్ల న్యాయస్థానములు కూడ బొంబాయి సీమలో తలయొగ్గినవి.

వ్రాతను గూర్చి యాజ్ఞవల్క్యుడు చెప్పినది ఇంకను వివరముగా నుండును. విజ్ఞానేశ్వరుని మితాక్షర దానికి వ్యాఖ్య. 13వ శతాబ్దిలో కేతన ఆ గ్రంథమును తెనుగు చేసెను గనుక మనవారికి ఆ న్యాయము చిరకాలముగా పరిచితమే. ఋణపత్రమున సంవత్సరము, మాసము, పక్షము, దినము ఉండవలెను. ఇచ్చినవాని పేరు, పుచ్చుకొన్నవాని పేరు, వారి తండ్రుల పేర్లు, కులగోత్రములు ఉండవలెను. ఋణగ్రహీత తన చేతితో "ఇందు వ్రాసినది నాకు సమ్మతము" అని వ్రాయవలెను. సాక్షులును, లేఖకుడును చేవ్రాలు చేయవలెను. మన తాతలు వ్రాసికొన్న తమస్సుకులను పెట్టె అడుగున భద్రపఱచినవారు ఎవరైన ఉన్నచో తీసి చూడుడు. వరుస ఇంచుమించుగా అదియే.

అసలైన విశేషము పత్రము వెనుకవైపున ఉన్నది. అప్పు తీర్చువాడు ఒక్కమారు తీర్పలేనిచో, ఇచ్చినపుడెల్ల ఇచ్చిన మొత్తమును ఆ పత్రము వెనుక వ్రాయవలెనని స్మృతి. దీనినే మనవారు చెల్లు వ్రాయుట అందురు. అంతయు తీరినపిమ్మట పత్రమును చింపివేయవలెను. పత్రము దొరకనిచో, తీరినట్లు తెలుపు వేఱొక పత్రమును వ్రాయించుకొనవలెను. దానికి శాస్త్రకారుడు పెట్టిన పేరు శుద్ధి. ఎంత చక్కని మాట! ఋణము మైల వంటిది. తీర్చుట స్నానము వంటిది. కాని స్నానము చేసితినని తాను చెప్పుకొన్న చాలదు, ఋణదాత వ్రాసి ఇయ్యవలెను. ఈ శుద్ధిపత్రమును జ్ఞాపకముంచుకొనుడు. దానితో మనకు తరువాత పని యున్నది.

పత్రము లేని అప్పులకు ఊరే పత్రము. మా బాల్యమున విన్న మాటలను బట్టి చెప్పుచున్నాను: "వాని తాత నాగుకు తెచ్చిన గింజలు తిరిగి కొలువలేదు" అని మూడవ తరమున పిల్లనిచ్చునపుడు ఎత్తిపొడిచిన పెద్దమనుషులు ఉండిరి. ఆ నోటికవిలెలో తప్పు దిద్దుటకు అర్జీ లేదు, గడువు లేదు, పై అధికారి లేడు. గింజలు కొలిచినది నిజమైనను, కొలుచుట చూచినవాడు చచ్చినచో బాకీ బ్రతికి యుండెడిది. పాతకాలమును తలచి కన్నీరు పెట్టువారు ఈ సంగతిని మఱవరాదు.

కంపెనీవారి కాలమున, దాని పిమ్మట రాణిగారి కాలమున, పత్రమునకు బలము హెచ్చి ఊరికి బలము తగ్గెను. వడ్డీకి హద్దు పెట్టిన చట్టములు 1855లో రద్దయ్యెను. వ్రాసికొన్న వడ్డీ ఎంతయైనను న్యాయస్థానము డిక్రీ ఇచ్చెడిది. మూడేండ్లు దాటిన ప్రోనోటు చెల్లదని కాలపరిమితి చట్టము చెప్పుటతో, మూడవ యేడు ముగియుటకు ముందే సాహుకారు రైతునొద్దకు వచ్చి, వడ్డీని అసలులో కలిపి క్రొత్త నోటు వ్రాయించుకొనుట, లేక ఒక రూపాయి జమకట్టి వెనుక చెల్లు వ్రాయించుకొనుట ఆచారమయ్యెను. స్మృతికారుడు ఋణగ్రస్తుని రక్షణకై పెట్టిన చెల్లు, ఋణదాత హక్కును బ్రతికించు సాధనముగా మాఱెను. వేలిముద్ర వేయు రైతునకు తాను తీర్చుచున్నాడో పెంచుచున్నాడో తెలియదు.

1875 మే మాసమున పూనా, అహమదునగరము జిల్లాలలో రైతులు సాహుకార్ల ఇండ్లపై పడిరి. విశేషమేమనగా, వారు ముఖ్యముగా వెదకినది ధాన్యమును కాదు, నగలను కాదు, పత్రములను. దొరికిన తమస్సుకులను వీథిలో కుప్పవేసి కాల్చిరి. వ్రాత కాలినచో బాకీ కాలునని వారి నమ్మకము. ఆ నమ్మకములో కొంత నిజము కూడ ఉండెను; ఏలయన నాటి వ్రాత ఒక్కచోటనే ఉండెడిది. 1879లో దక్కను రైతుల ఋణవిమోచన చట్టము వచ్చుటకు ఆ మంటలే కారణము.

మన సీమలో మంటలు లేచినట్లు లేదు, కఱవు లేచెను. 1876 మొదలు 1878 వఱకు సాగిన ధాతుకఱవులో రాయలసీమయు ఉత్తరార్కాటును ఎట్లు మాడిపోయెనో మీ పెద్దలవలన వినియుందురు. (నేటి చిత్తూరు జిల్లా అప్పటికి లేదు, 1911లో ఉత్తరార్కాటునుండి కొన్ని తాలూకాలు, కడపనుండి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు చేర్చి దానిని ఏర్పఱచిరి. 2022లో తిరుపతి వేఱు జిల్లా అయ్యెను.) కఱవు పిమ్మట దొరతనమువారు 1883లోను 1884లోను రెండు చట్టములు చేసి రైతులకు తక్కావి అప్పులిచ్చిరి. వాని నీయుటలో ఆలస్యము, వసూలులో కాఠిన్యము. పన్నుతోపాటు జప్తుచేసి వసూలు చేయదగిన అప్పును ఎవడు కోరి తెచ్చుకొనును?

అప్పుడు మదరాసు ప్రభుత్వమువారు ఫ్రెడరిక్ నికల్సన్ అను ఉద్యోగిని ఐరోపాకు పంపి, అచ్చటి పల్లెల అప్పు లెట్లు సాగుచున్నవో తెలిసికొని రమ్మనిరి. ఆయన నివేదిక 1895లోను 1897లోను రెండు సంపుటములుగా వెలువడినది. జర్మనీ దేశమున రైఫైజెన్ అను గ్రామాధికారి నెలకొల్పిన సంఘములను చూచి ఆయన ముగ్ధుడయ్యెను. ఆ సంఘముల రహస్య మొక్కటే: సభ్యులందఱు ఒక ఊరివారు, ఒకడు తప్పినచో తక్కినవారందఱు తమ ఆస్తితో బాధ్యులు. కనుక ఎవడు కష్టపడువాడో, ఎవడు త్రాగుబోతో, ఎవని బఱ్ఱె చచ్చినదో సంఘమునకు వ్రాతలేకయే తెలియును. తప్పుటకు కారణము కూడ తెలియును! 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. ఆ సంవత్సరమే మనకు పొరుగుననున్న చెంగల్పట్టు జిల్లా తిరూరున మదరాసు రాజధానిలోని మొదటి గ్రామసంఘము వెలసెను. అటుపిమ్మట మన తాలూకాలలోను సంఘములు పుట్టినవి. పరపతి యను మాటను సామాన్యులకు అలవాటు చేసినవి ఆ సంఘములే.

1930 ప్రాంతమున ప్రపంచమంతట ధరలు కూలెను. వేరుశనగ కాయకు, బెల్లమునకు ధర పడిపోయినది. కాని ప్రోనోటు మీది అంకె పడలేదు. మునుపు పది బస్తాలు అమ్మి తీర్పదగిన అప్పునకు ఇరువది బస్తాలు చాలవయ్యెను. 1935లో సత్యనాథన్ గారు ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో రాజధాని రైతుల అప్పులు సుమారు 200 కోట్ల రూపాయలని అంచనా వేసిరి. 1936లో ఋణ సమాధాన చట్టము వచ్చినది. ఇరుపక్షములను కూర్చుండబెట్టి నచ్చచెప్పుట దాని పద్ధతి. దానితో పని తీరలేదు. 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము చేసిన వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము గట్టి మందు. 1932 అక్టోబరు 1వ తేదికి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1వ తేదివఱకు నిలిచిన వడ్డీ యంతయు రద్దు. అసలునకు రెండింతలు ఏ రూపముననైన అప్పటికే చెల్లించినవానికి అప్పే లేదు. ఇకపై నూటికి సంవత్సరమునకు ఆఱుంబావలాకు మించిన వడ్డీ లేదు. అనగా నెలకు నూటికి ఎనిమిదణాలకు కొంచెము మీఱినది.

రెండింతల నియమమును చూచితిరా? మనువు మాట మదరాసు శాసనసభలో మరల పుట్టెను. ఆ చట్టమువలన ఎన్నో కుటుంబములకు భూములు దక్కినవనుటలో సందేహము లేదు. అయినను సాహుకార్లు కొందఱు పెట్టెలు మూసివేసిరి. మఱుసటి కారుకు విత్తనపు సొమ్ము పుట్టక బాధపడిన రైతులు ఉండిరి. చట్టము బాకీని రద్దు చేయగలదు గాని నమ్మకమును పుట్టింపజాలదు. ఈ చిక్కు అటుపిమ్మట వచ్చిన ప్రతి మాఫీలోను తల చూపినది.

స్వాతంత్ర్యానంతర చరిత్ర మీరు కన్నది గనుక త్వరగా దాటెదను. 1951-52లో జరిగిన అఖిలభారత గ్రామీణ పరపతి పరిశీలనలో రైతుల అప్పులలో నూటికి డెబ్బదిపాళ్లు వడ్డీవ్యాపారులవే యనియు, సహకార సంఘములవి నూటికి మూడుపాళ్లు మాత్రమే యనియు తేలెను. 1969లో బ్యాంకులు జాతీయమయ్యెను. 1975 నుండి గ్రామీణ బ్యాంకులు వచ్చినవి. మన జిల్లాలో పనిచేసిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1వ తేదిని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసెను.

మాఫీలను గూర్చి మాత్రము రెండు మాటలు. 1990లో పదివేల రూపాయల వఱకు గ్రామీణ ఋణముల రద్దు. 2008లో కేంద్రమువారి మాఫీ. చిన్న, సన్నకారు రైతుల గడువు మీఱిన బాకీ పూర్తిగాను, తక్కినవారికి నూటికి ఇరువదియైదు వంతులు, మిగిలినది కట్టిన పక్షమున. 2014లో మన రాష్ట్రపు ఋణమాఫీ; కుటుంబమునకు లక్షన్నర వఱకు, పెద్ద మొత్తములకు వాయిదాలలో. మాఫీ వచ్చునని విని కట్టుట మానినవారు కలరు. సభలో చేసిన ప్రకటన బ్యాంకు కవిలెకు వినబడదు. సొమ్ము చేరిన దినముననే కవిలె మాఱును. నడుమ గడచిన మాసములన్నియు "గడువు మీఱినది" అనియే వ్రాయబడును. మఱియొక అన్యాయము: ఆలి మెడలోని నగ కుదువబెట్టి గడువులోగా కట్టినవానికి 2008లో ఏమియు దక్కలేదు. వానికి దక్కినదెల్ల మచ్చలేని వ్రాత యొక్కటే. దానికి వెల యున్నదని అప్పటికి ఎవరును చెప్పలేదు.

ఆ వెల ఎట్లు వచ్చినదో చెప్పెదను. ఒక బ్యాంకులో ఎగవేసినవాడు వీథి దాటి వేఱొక బ్యాంకులో అప్పు పుచ్చుకొనుట పూర్వము సులభము. ఒకరి కవిలె మఱియొకరికి కనబడదు గదా. ఈ లోపమును తీర్చుటకై 2000 సంవత్సరమున పరపతి సమాచార సంస్థ యొకటి స్థాపితమయ్యెను. దాని ఆంగ్ల నామములోని మొదటి అక్షరములను కూర్చిన మాటయే సిబిల్. 2005లో పార్లమెంటు ఈ సంస్థలకై చట్టము చేసెను. 2010 ప్రాంతమున మఱి మూడు సంస్థలు చేరినవి: ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, హైమార్క్. మనవారు నాలుగింటిని కలిపి సిబిల్ అనియే అందురు.

అదే 2010లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణముల సంకటము వచ్చినది. ఒక ఇల్లాలికి మూడు నాలుగు కంపెనీలు అప్పిచ్చి, ఒకరి వాయిదాకు మఱియొకరి అప్పు తెచ్చు స్థితి కల్పించి, వాకిట కూర్చుండి వసూలు చేసిరి. (ఋణదాత వాకిట కూర్చుండుట మనువు చెప్పిన ఐదు ఉపాయములలో ఒకటి, ఇంత అవమానకరముగా కూర్చుండుమని ఆయన చెప్పలేదు.) ప్రాణములు పోయినవి. ఆ అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు చేసి ఆ వసూళ్లకు అడ్డుకట్ట వేసెను. వేల కోట్ల బాకీ నిలిచిపోయినది. తరువాత మాలెగాం సంఘము 2011లో నివేదిక ఇచ్చెను. ఒక్కరికి ఇందఱు అప్పిచ్చుట ఒకరికొకరు తెలియకపోవుటవలననే గదా యని, సూక్ష్మఋణములు కూడ పరపతి సంస్థల వ్రాతలలో చేరవలెనని నియమమయ్యెను. ఆ విధముగా పొదుపు సంఘములోని అమ్మ పేరును ఆ వ్రాతలో చేరెను.

ఇప్పుడు ఆ వ్రాత స్వరూపమేమి? అది ఒక పట్టిక. మీ పేరుమీద ఉన్న ప్రతి అప్పు, దాని మొత్తము, నెలనెలకు కట్టితిరా లేదా, కట్టనిచో ఎన్ని దినములు ఆలస్యము అని అందుండును. దానిని బట్టి 300 మొదలు 900 వఱకు ఒక అంకె కట్టుదురు; హెచ్చు అంకె మంచిది. సామాన్యపు అప్పులో వాయిదా 90 దినములు దాటినచో బ్యాంకువారు దానిని మొండిబాకీగా ఎంచుదురు. పంటఋణమునకు లెక్క వేఱు: స్వల్పకాలపు పంటకు రెండు కారులు, దీర్ఘకాలపు పంటకు ఒక కారు గడచినపిమ్మట. ఈ సమాచారమును సంస్థలు కనీసము ఏడేండ్లు భద్రపఱుపవలెనని నిబంధన. ఏడేండ్లు! శని కూడ ఏడున్నర యేండ్లలో విడుచునని మనవారు వేళాకోళమాడుట నేను విన్నాను.

ఇక్కడ న్యాయస్థానపు లెక్కకు ఈ వ్రాత లెక్కకు భేదము గమనింపవలెను. మూడేండ్లు దాటినచో దావా చెల్లదని నమ్మి ఊరకుండువారు కలరు. దావా చెల్లకపోవచ్చును, వ్రాత మాత్రము నిలుచును. పూనా రైతులు కాల్చిన కాగితమువలె ఇది ఒక్క ఇంటిలో లేదు, నాలుగు సంస్థలలో ఉన్నది.

నేను చదువు చెప్పిన యొకడు, కాయకష్టము చేసి కొంత సంపాదించినవాడు, కుమార్తె చదువునకై ఋణము కోరగా నిరాకరించిరి. కారణమేమనగా, పదేండ్లకు ముందు ఒక బంధువునకు జామీను నిలిచి చేసిన చేవ్రాలు. బంధువు కట్టలేదు, ఇతనికి ఎవరును చెప్పలేదు. పెద్దలారా, మన పల్లెలలో "ఒక్క సంతకమే గదా మామా" అని వచ్చువానికి కాదనుట కష్టము. కాని జామీనుదారుని పేరును ఆ పట్టికలో చేరును. అసలువాడు తప్పిన తప్పు వానికిని అంటును. స్మృతికారులు జామీనును మూడు విధములుగా విభజించిరి: మనిషిని హాజరుపఱచుటకు, నమ్మకము చెప్పుటకు, సొమ్ము చెల్లించుటకు. నేటి బ్యాంకు కోరునది మూడవది. మొదటి రెండని తలచి చేవ్రాలు చేయువారే మనలో ఎక్కువ.

వాయిదాలు తప్పి పేరు వ్రాతకెక్కినవా డేమి చేయవలెను? ఈ ప్రశ్నతోనే అనేకులు వచ్చుచున్నారు గనుక కొంత విపులముగా చెప్పెదను.

మొదట తన పట్టికను తాను చూడవలెను. 2017 జనవరి నుండి ప్రతి సంస్థయు కోరినవానికి సంవత్సరమునకు ఒకమారు పూర్తి పట్టికను ఉచితముగా ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకువారి ఆజ్ఞ. ఇంటిలో చదువుకొన్న పిల్లలు ఉన్నచో అరగంట పని. చూచినపుడు రెండు విధముల బాకీలు కనబడును: తనది, తనది కానిది. ఇంటిపేరును పేరును ఒక్కటై యుండుటవలన ఒకరి బాకీ మఱియొకరికి అంటుట, తీర్చినను తీరనట్లు నిలుచుట, ఇట్టి పొరపాట్లు అరుదు కావు. అట్టిదున్నచో సంస్థకును బ్యాంకునకును వ్రాతపూర్వకముగా తెలుపవలెను. వారు 30 దినములలో సరిచేయవలెను. దాటినచో దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారమీయవలెనని 2023లో నియమించి, 2024 ఏప్రిలు నుండి అమలు చేసిరి. అప్పటికిని వినకున్నచో రిజర్వు బ్యాంకువారి ఓంబుడ్స్‌మన్ అను అధికారికి అర్జీ పెట్టుకొనవచ్చును. దానికి రుసుము లేదు, వకీలు అక్కఱలేదు. నోటికవిలె కాలమున మన తాతలకు లేని సౌకర్య మిది.

బాకీ నిజమైనచో దిద్దుబాటు అర్జీ పనికిరాదు. "సొమ్మిచ్చినచో నీ సిబిల్ కడిగివేసెదను" అని తిరుపతిలోను చిత్తూరులోను తిరుగువారి మాట నమ్మకుడు. నిజమైన వ్రాతను చెఱపు అధికారము వారికే కాదు, బ్యాంకు మేనేజరుకును లేదు. గడువు మీఱినంత మొత్తము కట్టి, పిమ్మటి వాయిదాలను తప్పక కట్టుచుండుటయే మార్గము. పాత తప్పు పట్టికలో నిలిచినను, దానిపై క్రొత్త చెల్లులు వరుసగా పడుచుండ దాని బరువు తగ్గుచుండును. 2025 ఆరంభమునుండి బ్యాంకులు కనీసము పక్షమునకు ఒకమారు సమాచారము పంపవలెనని నియమము వచ్చుటచేత, కట్టినది పట్టికలో చేరుటకు పూర్వమువలె మాసములు పట్టదు.

మొత్తము కట్టలేనివానిని బ్యాంకువారు పిలిచి "లక్షకు అఱువది వేలు కట్టుము, తీరినట్లే" అందురు. లోక్ అదాలతులలో ఇట్టి రాజీలు జరుగుచుండును. కఱవున చిక్కినవానికి ఇది మేలే, నేను వలదనను. కాని కట్టుటకు ముందు ఒక్క ప్రశ్న అడుగవలెను: "పట్టికలో ఏమని వ్రాసెదరు?" పూర్తిగా తీరినదానికి "మూసినది" అనియు, తగ్గించి తీర్చినదానికి "రాజీపడినది" అనియు వ్రాయుదురు. పుచ్చుకొనునపుడు ఈ రెంటికి భేదము చెప్పరు. మరల అప్పునకు పోయినపుడు రెండవ మాటను చూచి వెనుకాడుదురు. తరువాత మిగిలిన నలువది వేలు కట్టిన పక్షమున మాట మార్తురా యని కూడ అప్పుడే అడిగి, వ్రాతలో పుచ్చుకొనవలెను.

ఎన్నడును అప్పు చేయనివానికి పట్టికయే లేదు. అంతమాత్రమున మొదటిసారి వచ్చినవానిని త్రోసిపుచ్చరాదని రిజర్వు బ్యాంకువారి 2025 నాటి నిర్దేశములలో ఉన్నది. మొదటి పంటఋణమునకు పోవు పిల్లవాని విషయమున ఈ మాట పనికివచ్చును.

ఇక శుద్ధిపత్రము. అప్పు పూర్తిగా తీరిన దినముననే, ముద్రతో, తేదితో, ఖాతా సంఖ్యతో "బాకీ లేదు" అను కాగితము వ్రాయించుకొనవలెను. తాకట్టుంచిన భూమి పత్రములను బాకీ తీరిన 30 దినములలో తిరిగి ఇయ్యవలెననియు, ఆలస్యము బ్యాంకు తప్పే యైనచో దినమునకు 5,000 రూపాయలు చెల్లింపవలెననియు 2023 డిశెంబరు 1వ తేదినుండి నియమము. పత్రము తెచ్చుకొన్న పిమ్మట రిజిస్ట్రారు కార్యాలయములో తనఖా రద్దయినదో లేదో కూడ చూచుకొనవలెను. ఈ పని మఱచి, పదేండ్ల తరువాత భాగపంపకముల వేళ పాత తనఖా బయటపడి అన్నదమ్ములు తగవులాడిన ఇండ్లు ఉన్నవి. సహకార సంఘములో తీర్చినవారు రసీదుతో తృప్తిపడక, సంఘపు లెడ్జరులోని తమ పుట చూచి, నిలువ సున్న అయినదని కార్యదర్శి చేవ్రాలు తీసికొనుట మంచిది. ఆ కాగితమును భూమి పాసుపుస్తకముతో కలిపి యుంచి, అది యెక్కడనున్నదో ఇంటిలో మఱియొకరికి తెలియజేయుడు.